పదిహేనున్నర గంటలు

కాగితంలో రాసుంది: హొనొలులులో ఎక్కింది
మంగళవారం మధ్యాహ్నం రెండింటికి.
మీనంబాకంలో దిగింది
గురువారం సాయంత్రం అయిదున్నరకి.
వేళ్ళ మీద లెక్కేశా, మళ్ళీ కణుపుల మీద.
యాభై ఒకటిన్నర.

సంచుల్లో నింపిన గాలి నలభై గంటలకే.

సరుకు గేటు ముందు, వ్యాను పక్కన
చెప్పులు విడిచి నిలబడ్డా
చావింటి ముందు నిలబడ్డట్టు.
థర్మకోల్ పెట్టెలు అరవై.
పెట్టెకి పన్నెండు తల్లిరొయ్యలు,
ఒక్కోటీ నా వారం జీతం.
కొత్తగా చేరిన డ్రైవర్ని. తప్పు ఎవరిదైనా
ముందు కనపడేది నా మొహమే.

"దారం లాగి కొలిస్తే పన్నెండు వేల ఆరొందల కిలోమీటర్లబ్బయా.
దించకుండా తోలితే పదహారు గంటలు.
అట్టా తోలేవాడే లేడు, రెండు చోట్ల మారాల,
మొత్తం కలిపి ముప్పై ఆరు."
ఫోన్లో హజరత్తయ్య సారు నవ్వాడు.
"మిగతా పదిహేనున్నర సముద్రం మధ్యలో పడిపొయ్యిందిలే.
ఆడొక గీతుంది. దాటితే తారీకు మారిపోద్ది.
ముందు మూత తియ్యి."

తీశా.
సంచిలో మీసాలు కదిలాయి.
ఒకటి నా వైపు తిరిగింది
మిరియపు గింజల్లాంటి రెండు కళ్ళూ నా మీదే పెట్టి.

నీలాంకరైలో అయిదు రోజులుంచి
జబ్బుల్లేవని ముద్ర కొట్టాక
రాత్రి పదకొండుకి బయల్దేరా.
తడ. సూళ్ళూరుపేట. నాయుడుపేట.
గూడూరు దగ్గర టీకని దిగి
తాగకుండానే ఎక్కా,
ఇంజనాపితే వెనక చల్లదనం ఆగిపోద్దని.
రెండొందల అరవై కిలోమీటర్లు. దీన్లో ఏ గీతా లేదు.
టోలుగేట్లున్నాయి గానీ
అవి డబ్బులే మింగుతాయి, గంటలు మింగవు.

దారి పొడుగూ ఆ పదిహేనున్నరా నన్నొదల్లా.
ఆ గీత నాకు గానీ దొరికితే
చీటీ కట్టే పదో తారీకు మీద పరుస్తా.
అటు తొమ్మిది, ఇటు పదకొండు.
నెల్లూరు బైపాసులో ఒక్కణ్ణే నవ్వుకున్నా.

రామాయపట్నం చేరేసరికి తెల్లారతా ఉంది.
హేచరీలో మస్తానమ్మ చేతులు కడుక్కొని
చిన్న కత్తెర మంటలో కాలుస్తా ఉంది.
ఆడరొయ్యకి ఒక కన్ను తీసేస్తే
తొందరగా గుడ్లు పెడతదంట.
"ఎంతసేపు పట్టిద్ది మస్తానమ్మా?"
"నువ్వడిగినంత సేపు."

ఎడమదా కుడిదా అని చూడదామె.
చేతికి ఏది దగ్గరైతే అది.

వీటి పిల్లలు
గుంటల్లో నాలుగు నెలలు మేసి
టంగుటూరు ప్లాంటులో తలలు తీయించుకుని
మంచుగడ్డల్లో, ఓడలో, తూరుపుగా పోతాయి.
అటునుంచి దాటేవాళ్ళకి ఆ గీత
మింగిన గంటలు తిరిగి ఇచ్చిద్దంట,
తలల్లేనివాటికి కూడా.

వ్యాను కడిగి, పుస్తకం తీశా.
బయల్దేరిన టైము. చేరిన టైము.
పెన్ను ఆగింది కాసేపు.
లోపల తొట్టిలో నీళ్ళ చప్పుడు,
మధ్యమధ్యలో కత్తెర చప్పుడు.

దూరం అన్న గడిలో
రెండొందల అరవై అని రాశా.