ముప్పై వేల కామాలు

బోబో జులాసోలో ఎడారిగాలి
కిటికీకి దుమ్ము పూస్తోంది.

కొరొతిమి ట్రే వంచింది:
నీళ్ళలో ముప్పై వేల కామాలు,
ఒక్క వాక్యమైనా లేకుండా.

కాలేయం పొడి చిటికెడు ఎక్కువైతే నీరు కుళ్ళుతుంది,
తగ్గితే పురుగు పురుగునే తింటుంది.
ఆ చిటికెడు ఏ పుస్తకంలోనూ లేదు,
ఆమె వేళ్ళకే తెలుసు.

రెక్కలొచ్చాక ఆడవాటికి మందు కలిపిన నెత్తురు.
మగవాటికి చక్కెర నీళ్ళు,
తర్వాత కిరణాల గది.

"పెళ్ళికొడుకులు తయారేనా?"
వ్యాన్ దగ్గర బకారీ అరుపు.
నవ్వబోయి ఊరుకుంది.
పోయిన వానల్లో అతని చిన్నది
మూడు రాత్రులు వణికింది.

వాగు గట్టున పెట్టె తెరిచారు.
ఒకటి వెళ్ళక
ఆమె మణికట్టు మీద వాలింది.
చెయ్యి అలవాటుగా లేచి
గాలిలోనే ఆగింది.
దానికి కుట్టడం రాదు.

ఆ రాత్రి
దోమతెర చిరుగు
తనే కుట్టుకుంది.