ఏం రొట్టె మే?

చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని
స్వర్ణాల చెరువులో మోకాటి లోతున నిలబడి
అడగాల. సిగ్గుపడితే రొట్టె దొరకదు.
"చదువు రొట్టె, చదువు రొట్టె" అని
పందొమ్మిదేళ్ళప్పుడు అరిచాను.
ఎవరో పొదలకూరు ఆమె
కొడుక్కి సీటు వచ్చిందని
అరచేతంత ముక్క తుంచి ఇచ్చింది.

తర్వాత ఉద్యోగం రొట్టె.
అది నాలుగేళ్ళు వరసగా తిన్నాను.
డీఎస్సీ పడుతుందన్నారు, పడలేదు.
పడింది, కోర్టులో ఆగింది.
కావలి కోచింగు హాస్టల్లో
పక్క మంచం సులోచనకి పెళ్ళయి, బిడ్డ పుట్టి,
ఆ బిడ్డ బడికి పోయేనాటికి
నా ఆర్డరు చేతికొచ్చింది:
వరికుంటపాడు దాటాక
రోజుకు రెండు బస్సులొచ్చే ఊరు.

పెళ్ళి రొట్టె నేను పట్టుకోలేదు.
మా అమ్మ పట్టుకుంది, నాకు చెప్పకుండా,
కొంగులో చుట్టి తెచ్చి
మామూలు చపాతీల్లో కలిపి పెట్టింది.

పెంచలప్రసాదు కనిగిరిలో, నేనిక్కడ.
శనివారం రాత్రి బస్సు, సోమవారం తెల్లారి బస్సు.
బదిలీ కానీ, అన్నాడు.
ఇంటి లోను సగం కానీ, అన్నాను.
వద్దని ఎవరమూ అనుకోలేదు.
ఆ మాట మా ఇంట్లో ఒక్కసారీ వినపడలేదు.
కానీ, కానీ, కానీలే
ఎడపిల్లా తడపిల్లా లాగా
గదుల నిండా తిరిగాయి.

ఈ పండగ ప్రతి ఏడూ
పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది.
మామిడి పిందెల కాలంలో మొదలుపెట్టినదాన్ని
చలిలో దిగాను, తుపాను ముసురులో దిగాను,
శ్రావణ మాసం ఉక్కలో దిగాను.
క్యాలెండరులో అది వెనక్కే నడిచింది.
నాకు ఆ సౌకర్యం లేదు.

ముప్పై ఆరో ఏట సంతానం రొట్టె అడిగాను.
"ఎన్నోది మే?" అంది ఇచ్చినామె.
మొదటిదే అన్నాను.
నా కణతల దగ్గర ఒకసారి చూసి
ఇంకో రొట్టె కలిపి ఇచ్చింది.

పొగతోటలో స్కానింగు గది. ఏసీ చలి.
డాక్టరమ్మ తెర మీద నల్లచుక్కలు లెక్కపెట్టింది.
కుడివైపు రెండు.
ఎడమవైపు, మళ్ళీ చూసి, ఒకటి.
"పుట్టినప్పుడే అన్నీ ఇచ్చి పంపుతారమ్మా,
మధ్యలో నింపరు.
ముప్పై అయిదు దాటాక తొందరగా తరిగిపోతాయి,
మిగిలినవాటిలోనూ గట్టివి తక్కువ."
లెక్కల టీచర్ని. తీసివేతలు నాకు కొత్త కాదు.
"ఎందుకమ్మా ఇంత ఆలస్యం చేశారు?"
ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాల?
నోటిఫికేషను నుంచా, రాత్రి బస్సు నుంచా?

ఆ మాట ప్రసాదుని ఎవరూ అడగలేదు.
అతని రిపోర్టులోనూ ఉండింది, కదలిక మందం అని.
నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకొని
"పా, టీ తాగుదాం" అన్నాడు.
టీ మీద మీగడ కట్టిందాకా
ఇద్దరం గ్లాసులు పట్టుకునే ఉన్నాం.

ఏడాది మందుల తర్వాత నిలిచింది.
తొమ్మిది వారాలు.
గురువారం, ఎనిమిదో తరగతి,
వర్గమూలం గుర్తు గీస్తుండగా
నడుములో ఏదో తెగినట్టయింది.
బోర్డు మీద గీత సగంలో ఉంది.
మిగతా లెక్క పిల్లలే చేసుకున్నారంట,
జవాబు సరిగ్గానే వచ్చిందంట.

ఈ ఏడు నేనే కాల్చుకొచ్చాను. ఆరు రొట్టెలు.
"తీరని కోరికకి రొట్టె వదలకూడదే" అంది అమ్మ.
ఉద్యోగం రొట్టె బాకీ ఉంది కదా,
ఆర్డరు వచ్చిన ఏడాది సెలవు దొరక్క
వదల్లేదు.

చున్నీ నడుముకు కట్టుకున్న పిల్ల,
ఇరవై మూడుంటాయి,
"ఉద్యోగం రొట్టె ఉందా అక్కా?"
ఇచ్చాను. ఏదో చెప్పాలనుకున్నాను.
తొందరపడు అంటే
ఎవరిని తొందరపెడుతుంది, నోటిఫికేషన్నా?
ఆగమంటే, నేనెవర్ని?
నోరు తెరిస్తే మా అమ్మ గొంతే వచ్చేట్టుంది.
"పరీక్ష ఎప్పుడంట?"
"పడుతుందంటుండారక్కా."
అక్కడే నీళ్ళల్లో నిలబడి
ఆకలిగా తినేసింది.

ఈసారి చెరువులో నీళ్ళు తక్కువ, పిక్కల దాకే.
గిన్నె ఖాళీ అయింది.
కుచ్చిళ్ళు దించుకోబోతుంటే
వెనకనుంచి ఎవరో ముసలామె
భుజం తట్టి అడుగుతోంది,
"నీకేం రొట్టె కావాల మే?"