గోడ ఆరాలండి

డ్యూటీ దిగి నేరుగా మిల్లుకే వస్తాను.
ఇల్లు అనడానికి నోరింకా తిరగదు.
రామచంద్రపురం డిపోలో అడిగినవాళ్లకి
"లాకుల దగ్గర పాత రైసు మిల్లండి, అదే" అంటాను.
"అందులో ఉంటారా?"
ఉంటాం. ఎప్పుడో.

మొదటి ఏడాదంతా ఊకే.
ఊడ్చినకొద్దీ ఊక.
దూలాల మీంచి, ఇటుకల సందుల్లోంచి,
బిగుసుకుపోయిన కిటికీ రెక్క లాగితే దోసెడు.
టిక్కెట్ల సంచి అడుగున చిల్లరతో పాటు కాస్త పొట్టు,
కాకినాడ దాకా మోసుకెళ్లి
మళ్లీ వెనక్కి తెచ్చాను దాన్ని.

మా భూషణం మోటార్లకి వైండింగు చుడతాడు.
మిల్లు షాఫ్టు తనే ఊడదీసి అమ్మితే
ఆ డబ్బుతో పెంకులొచ్చాయి, సగం కప్పుకి.
మిగతా సగానికి
ఆకాశమూ టార్పాలినూ వంతులేసుకున్నాయి.

నూకరాజు మేస్త్రి గోడని వేలి కణుపుతో కొట్టి చెవి పెడతాడు,
డాక్టరులా కాదు, కొబ్బరికాయ బేరమాడేవాడిలా.
"ఆరాలండి" అంటాడు.
"ఎన్నాళ్లు?"
"ఆరాలి కదండి."
సిమెంటు పూసేద్దామంటే ఒప్పుకోడు.
సున్నంతో కట్టిన గోడకి సిమెంటేస్తే
నోట్లో గుడ్డ కుక్కినట్టేనట.
గోళెంలో సున్నం నానేస్తాడు, కలియతిప్పుతాడు, వెళ్లిపోతాడు.
వారానికొచ్చి మళ్లీ తిప్పుతాడు.
నా జీతంలోంచి ఆరువేలు
ఆ గోళెంలో బుడబుడమంటూ ఉంటాయి.

వేసవిలో కాలవ కట్టేశాక
గోడ అడుగున తడి జానెడు దిగింది.
భూషణం బొగ్గుతో గీత గీసి తేదీ వేశాడు.
జూన్‌లో నీళ్లొదిలారు.
గీత చెమ్మలో కలిసిపోయింది.
"చూశారాండి" అన్నాడు నూకరాజు, తనే గెలిచినట్టు.
ఇక్కడ ఏ గోడ పూర్తిగా ఆరింది గనక!
పునాది పక్కన రెండడుగులు తవ్వితే ఇసక,
ఇంకో అడుగుకి నత్తగుల్లలు.
గోదారి ఒకప్పుడు ఈ గదిలోనే పడుకుంది.
పక్క తడిగా ఉందని ఎవరితో చెప్పుకుంటాం?

బాయిలరు గది పక్కన వంటిల్లనుకున్నాం.
గట్టు కట్టడం కూడా అయ్యాక
మంగాయమ్మ వచ్చింది, చేతికర్రతో,
ముప్పయ్యేళ్లు ఇక్కడ నూకలు చెరిగిన మనిషి.
గుమ్మంలో చెప్పులు విడిచింది
(మేమే చెప్పులతో తిరుగుతున్నాం).
గట్టు చూసి తల అడ్డంగా ఊపింది.
"ఇక్కడ బెల్టు తిరిగేది తల్లీ.
పైటలు జాగ్రత్తర్రా అని అరిచేవోరు.
మా చిట్టెమ్మకి వినపళ్లేదు."
ఇంకేమీ చెప్పలేదు.
మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఆ రాత్రి మేము ఖర్చుల పుస్తకం తెరవలేదు.
పొద్దున్నే భూషణం గట్టు పగలగొట్టాడు.
నూకరాజు ఆ రోజు కూలి అడగలేదు.
అక్కడ ఇప్పుడేమీ లేదు, కొత్తగా తెరిచిన కిటికీ తప్ప.
వంటిల్లు నాలుగు నెలలు వెనక్కి పోయింది.

తూర్పు గోడ మీద బస్తాల లెక్కలున్నాయి,
నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి,
ఎవరి చేతివో, నడుమెత్తు నుంచి భుజమెత్తు దాకా.
వాటి మీద సున్నం కొట్టొద్దన్నాను.
మా కెజియా వాటి పక్కనే తన ఎత్తు గీసుకుంటుంది.
మూడేళ్లలో పద్దెనిమిది బస్తాలు పెరిగింది.
ఇల్లు కన్నా పిల్లే త్వరగా లేస్తోంది.

మొన్నటి వానలకి, కప్పు కారిన మూల
గచ్చు పగుల్లో వరి మొలిచింది.
నాకు కళ్లు చెమర్చబోయాయి,
ఈలోగా నూకరాజు పీకి మేకకి వేసేశాడు.
"పగులు పెద్దదవుద్దండి."

నిన్నటి నుంచి ఒక గదిలో పడుకుంటున్నాం.
స్నానాల గదికి తలుపింకా రాలేదు.
ఎవరిదో ఓణీల ఫంక్షను ఫ్లెక్సీ కట్టాం,
పూలజడతో ఆ పిల్ల
మా ముగ్గురి స్నానాలకీ నవ్వుతూ కాపలా.

అర్ధరాత్రి వాన.
గోడల్లోంచి ఉప్పుడు బియ్యం వాసన లేచింది,
గుండిగ మూత తీసినట్టు.
కెజియా నిద్రలో ఆకలేస్తోందంది.
భూషణం టార్పాలిను సర్దడానికి లేచాడు.
నేను చీకట్లో గోడకి చెయ్యి ఆనించాను.

తడిగానే ఉంది.
పొద్దున్న మొదటి ట్రిప్పు ఐదింటికి.