టేబుల్ అంచున కప్పు

మొదటిరోజు మీటింగులో నేను చేసిన మొదటి పని
కోలిన్ టీకప్పును టేబుల్ అంచు నుంచి లోపలికి జరపడం.
ఆయన మాట ఆపి నా చేతివైపు చూశాడు.
చెయ్యి కంగారుపడి
పక్కనున్న కప్పును కూడా జరిపింది.

ఏడేళ్ళ అలవాటు సార్, అందామనుకున్నాను.
ఇక్కడ ఎవర్నీ సార్ అనరు.

హల్ పల్లపు ఊరు.
పోటు వేళ హంబర్ నది మా వీధికంటే పైన ఉంటుంది.
కాలువల్లో నీళ్ళు ఎంత లేచాయో చూసి
రాసిపెట్టడం నా ఉద్యోగం.
పన్నెండేళ్ళ కిందట వంశధార కాలువగట్టు మీద
ఇదే పని చేశాను, తలకి తువ్వాలు చుట్టుకుని.
మధ్యలో ఏడేళ్ళు
పాలసీసా కంటి ఎత్తుకు పట్టుకుని
నూట ఇరవై గీత దగ్గర నీళ్ళు ఆగాయో లేదో చూశాను,
అర్ధరాత్రి, ఒక కన్ను మూసి.
అప్లికేషన్లో దానికి గడి లేదు.

సుభాషిణికి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు.
ఒకరి జీతం మొత్తం నర్సరీ ఫీజుకే పోతుందని
గ్యాసుబిల్లు వెనక లెక్కవేసుకున్నాం.
చిన్న జీతం ఇంట్లో ఆగిపోయింది.
అంతే. త్యాగం గీగం ఏమీ లేదు.

పాలకొండ నుంచి అత్తయ్య ఫోన్ చేసినప్పుడల్లా
"అల్లుడుగారు ఏం చేస్తున్నారమ్మా?"
"కోర్సు చేస్తున్నారు."
ఏడేళ్ళ కోర్సు.
ఏం కోర్సని ఆవిడ ఒక్కసారీ అడగలేదు, మర్యాదస్థురాలు.
నేను వెనక గరిటె పట్టుకుని
మూడో సెమిస్టరు పప్పు మాడకుండా చూసుకునేవాణ్ణి.

ఇల్లాలు అన్న మాటకు మగరూపం కోసం వెతికాను ఒకసారి.
గృహస్థు ఉన్నాడు గాని
ఆయన పీటమీద కూర్చుని వడ్డన కోసం చూస్తుంటాడు.
ఇల్లరికం ఉంది, అది వేరే కథ.
చివరికి స్కూలు గేటు దగ్గర, గొడుగుల కింద,
"తుషార వాళ్ళ నాన్న" అనే పోస్టులో స్థిరపడ్డాను.

తొమ్మిదిన్నరకి గట్టు మీద ముక్కాలిపీట నిలబెట్టాను.
కాళ్ళు బురదలో కూరుకుంటున్నాయి, దానివీ నావీ.
మర తిప్పితే గాజు వెనక బుడగ
ఒక పక్కకి పారిపోతుంది. పిలిస్తే రాదు.
బలవంతం చేస్తే అవతలి పక్కకి.
ఈ జంతువు నాకు తెలుసు.
ఊపిరి బిగబట్టి, దానివైపు చూడనట్టు నటిస్తూ
గోరంత తిప్పాను.
వచ్చి మధ్యలో పడుకుంది.
శ్శ్, అన్నాను.
అవతల కొలబద్ద పట్టుకున్న డెక్లన్,
ఇరవైరెండేళ్ళ కుర్రాడు,
తననే అనుకుని బిగుసుకుపోయాడు.

మధ్యాహ్నం డబ్బా తెరిస్తే
ఆపిలు ఎనిమిది ముక్కలుగా ఉంది, తొక్క తీసి.
పొద్దున కోసింది నేనే. ఎవరికోసమో మరి.
డెక్లన్ ఏమీ అడక్కుండా మూడు తిన్నాడు.

మూడుంబావుకి
కాళ్ళు గట్టు మీదే ఉన్నాయి,
మిగతా మనిషి స్కూలు గేటు దాకా వెళ్ళి వచ్చాడు.
ఆ వేళ రాసిన అంకె తప్పు. కొట్టేసి మళ్ళీ రాశాను.

క్లబ్బు మూసేవేళకి చేరేసరికి
నలుగురు పిల్లలే మిగిలారు.
పరిగెత్తుకొస్తుందని వంగి చేతులు చాచాను.
"ఒక్క నిమిషం నాన్నా," అంది,
తాబేలు డొప్పకి రంగు వేస్తూ, తల ఎత్తకుండా.
వంగినవాణ్ణి వంగినట్టే ఉండి
బూటు లేసు కట్టుకున్నాను. అది కట్టే ఉంది.

తరవాత వచ్చి చూసింది.
"పడ్డావా?"
"లేదు. పని."
సంచిలోంచి స్కేలు తీసి, నేలమీద మోకాళ్ళూని,
మడమ నుంచి బురద ఎంతదాకా ఎక్కిందో కొలిచింది,
ఒక కన్ను మూసి.
"పదకొండున్నర," అంది గట్టిగా.
"రాసుకో."