బుడ్డ, బుడగ

రాత్రి రెండుకి వచ్చింది కరెంటు.
గాజు పలకల మధ్య
కోడిగుడ్డు సొనలోంచి తీసిన కొవ్వు
చక్కెర నీళ్లు తాగి బుడగలుగా లేచింది.
ఒక్కోదాని తోలు
రెండంటే రెండు అణువుల మందం.

బయట ఇంకొంచెం చక్కెర కలిపాను.
తీపి ఎటు ఎక్కువుంటే నీళ్లు అటు పోతాయి.
నీళ్లు పోవడం గురించి
అనంతపురంలో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.
లోపల తగ్గింది. తోలు తగ్గలేదు.
గుండ్రటిది సాగి సొరకాయైంది,
నడుం సన్నమై
రెండు గింజల బుడ్డయింది.
నవ్వొచ్చింది,
ఇంత చదివీ మళ్లీ బుడ్డలకాడికేనా అని.

మా అమ్మ కుళ్లాయమ్మ
ఉరవకొండ రోడ్డు మిల్లులో విత్తనాలు ఏరుతుంది.
ముడత పడినదాన్ని చూడకుండానే వేళ్లతో పట్టేస్తుంది.
"వాన ఎనక్కి పోయినేడు గింజ నిండల్యా.
పొట్టు యాడికి పోతాది? ముడుసుకుంటాది."
ఈ మాటకే నా నోటుబుక్కులో
మూడు పేజీల సమీకరణాలు.

ఈ వారం పని వేరు. బుడగలో బుడగ.
బయటిది బిగువు.
లోపలిదానికి తోలు ఎక్కువ, చోటు తక్కువ.
సాగడానికి లేదు, సొరకాయ కావడానికి లేదు.
గోడకి ఒళ్లంతా ఆనించి
కాసేపు ఏమీ చెయ్యలేదు.
నా టీ చల్లారింది.
అప్పుడు ఒకచోట, అక్కడే ఎందుకో తెలీదు,
చిన్న గుంట.
అది లోతై, మూతి బిగిసి,
తనలోకి తనే వేలాడే సంచి అయింది.
పగల్లేదు.

పాతూరులో మా గది పదడుగులకి ఎనిమిది.
ముగ్గురం, ఒక కుట్టుమిషను, రెండు మూటల కాయ.
పెట్టెకీ గోడకీ మధ్య దుప్పటి కట్టుకుని
చెల్లెలు వన్నూరమ్మ
పోలీసు పరీక్షకి చదువుతుంది.
పిలిస్తే పలకదు.

ఫోన్లో ఫోటో చూపించాను.
అమ్మ చాలాసేపు చూసింది.
"ఇది సెడిపోయిందా?"
లేదుమా, తక్కువ ఖర్చయ్యే చోట వంగింది.
"ఎవురికి తక్కువ?"

ఆ లెక్క నేనింకా వెయ్యలేదు.

ఐదుకి మిల్లు లారీ హారను.
మూటలకీ మిషనుకీ మధ్య
అమ్మ పక్కకి తిరిగి,
పొట్ట లోపలికి పీల్చి,
చీర కొంగు నోట పట్టుకుని
చప్పుడు లేకుండా
బయటపడింది.