ఎడమ పురి

జూన్ మాకు మంచుకాలం.
ఇంటికో తాడు ఇవ్వాలి, నలభై బారలు.
బారెడు తగ్గినా లెక్కలోకి రాదు.
ఇచు గడ్డి కోసుకొచ్చి, రాతి మీద దంచి,
వేళ్ళు కొరికే నీళ్ళలో నానేసి
గట్టు మీద కూర్చుని పేనుతాం ఆడవాళ్ళం.
వంతెన అల్లే మూడు రోజులూ దాని దరికి పోకూడదు మేం.
పోతే అపూరిమాక్ మగవాళ్ళని లాక్కుంటుందట.
"మనకి లేని కోపం ఏటికెందుకో"
అంటుంది మా అత్త బసీలియా,
చేతిలోని తాడుతో అన్నట్టు.

నాది ఎడమచేతి వాటం.
అందరి పురీ అటు తిరిగితే నాది ఇటు.
కాపురానికొచ్చిన ఏడు దాన్ని ఎత్తి చూపి
తాడా, పాము మెలికా అని నవ్వారు.
మరుసటేడు కుడిచేత్తో పేనాను.
పది బారలకే పేటలు విడిపోయాయి.
అరచేయి చీలింది.
మళ్ళీ నా చేతికే తిరిగొచ్చాను.

ఈసారి తాళ్ళు లెక్కపెడుతూ
వంతెన పెద్ద మెలితోన్ నా తాడు దగ్గర ఆగాడు.
నిమిరాడు. వాసన చూశాడు.
"ఎవరిది?"
మా ఆయన నేల చూపులు చూశాడు.
గట్టు మీంచి మా అత్త గొంతు దిగింది:
"మా కోడలిది! ఏం?"
"ఏం లేదు.
కడుపుతో ఉన్నదాని చీలమండకి కట్టేది ఎడమ పురి దారమే కదా,
పోయినవాళ్ళ మణికట్టుకీ అదే.
అక్కడ నమ్మినదాన్ని ఏటి మీద నమ్మొద్దా?"
తాడు గుట్టలో పడింది.

కొండదేవరలకి కోకా ఆకులు మూడేసి,
నేలతల్లికి జొన్నగింజలూ లామా కొవ్వూ.
పొగ ఎటు పోయిందో చూసి ముసలాయన తలూపాడు.
అప్పుడు పాత వంతెనని కోశారు.
ఏడాదంతా మమ్మల్నీ మా గొర్రెల్నీ
మా తగువుల్నీ మోసింది
నీళ్ళని తాకగానే మళ్ళీ గడ్డి అయిపోయింది.
నిరుటి నా నలభై బారలూ అందులోనే.
ఎవరూ ఏడవలేదు. అన్నాలకి లేచాం.

నాలుగో రోజు మమ్మల్ని రానిచ్చారు.
కొత్త గడ్డి పచ్చి వాసన.
తాళ్ళన్నీ మోకులై, మోకులు జడలై,
జడల మీద చితుకుల చాప.
వంగి వంగి వెతికాను.
ఏ పేట ఎవరిదో ఎవరు చెప్పగలరు?
నడుమకి వచ్చేసరికి వంతెన ఊగింది.
కింద ఏరు, మాట్లాడే దేవర అని దాని పేరు,
ఏదో అంటోంది. అర్థం కాలేదు.

"కిందికి చూడకే" అంది వెనకనించి అత్త.
"చూడటం లేదత్తా, వెతుకుతున్నా."
"పిచ్చిదానా, దొరికితే తాడు జారినట్టే."

అవతలి ఒడ్డున ఎవరో పిల్ల
చంకలో గొర్రెపిల్లతో నిలబడి అరుస్తోంది:
"తొందరగా దిగండమ్మా, మేమూ దాటాలి!"