గొట్టా లస్కరు

గుణుపురం నుంచి ఫోను.
తెల్లారగట్ల ఏరు ఆరో గీత దాటిందట.
ఇక్కడ పొద్దు నడినెత్తికెక్కింది.
గున్నయ్య చేతిలో గేటు హాండిలు,
చెవిలో తెల్లారగట్ల నది.

ఎత్తాడు.
మట్టం కదల్లేదని ఇంకా ఎత్తాడు.
కదలడం కంటబడేసరికి
దిగువ ఊళ్ళో ఆకుమళ్ళు లేవు.
"బేగి దించండ్రా!" ఆఫీసు కేక.
దించాడు,
భయంకొద్దీ నాలుగు చుట్లెక్కువ.

ఎడమ కాలవకు నీళ్ళందలేదని
శివారు రైతు దాలినాయుడి అర్జీ
నాలుగోనాటికి వచ్చింది.
ఆ వేళకి కాలవ గట్టు తెగి
అతని మడిలో మోకాటిలోతు నీళ్ళు.
అర్జీలో ప్రతి ముక్కా నిజమే,
నాలుగు రోజుల కిందట.

రాత్రి గంజి తాగుతుంటే గుర్తొచ్చింది:
వేసిన ఉప్పు కరగకముందే రుచి చూసి
చప్పగుందని మళ్ళీ వేసేది అమ్మ.
అడుగుకొచ్చేసరికి అంతా సముద్రం.

మళ్ళీ ఫోను.
ఈసారి అర చుట్టు తిప్పి
గోడమీద కూచుని నిండు చుట్ట కాల్చాడు.
"ఏటలా కూకున్నావు?"
"ఏటికి ఇనబడాల గదా బాబూ."

కొత్త ఏఈ సోమరితనమని రాశాడు.
ఆ రిపోర్టు శ్రీకాకుళం చేరేసరికి
వంశధారలో
ఇసుక లారీలు తిరుగుతుంటాయి.